ఆమెన్ వచ్చేదాకా

కోస్ ద్వీపం, గ్రీస్
27 జూలై 2025, ఆదివారం

అక్కా,

వందనాలు. ఇక్కడి ఎండ ముందు మన చీరాల మే నెల ఏ మూలకూ చాలదు. నువ్వు లీసెస్టర్‌లో, నేను ఈస్ట్ హామ్‌లో ఉండి, రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ కూడా ఆదివారం ఆదివారం ఈ ఉత్తరాలేమిటని మాథ్యూ నవ్వుతుంటాడు. నర్సింగ్ హాస్టల్ నాటి అలవాటు, పోతుందా? అప్పుడు ఇన్‌లాండ్ కవరు, ఇప్పుడు ఈమెయిలు, అంతే తేడా.

ఈ వారం మాత్రం నాకు ఉత్తరమే గతి. దిగిన రోజు సాయంత్రమే రేవు చివర నిలబడి ఏంజీని ఫొటో తీస్తుంటే నా ఫోన్ జారి సముద్రంలో పడింది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, అడుగున ఇసుకలో పడి ఇంకా వెలుగుతూ కనిపించింది. తీసేవాళ్లు లేరు. నంబర్లన్నీ దాంతోనే పోయాయి. మాథ్యూది తప్ప ఒక్కటీ నోటికి రాదు, నీది కూడా. ఏంజీ తన ఫోన్ నా చేతికి ఇవ్వదు. ఏంజీ పాత ట్యాబ్లెట్ తెచ్చాం కాబట్టి సరిపోయింది. దానికి సిమ్ లేదు, వైఫై రిసెప్షన్‌లో మాత్రమే వస్తుంది. అక్కడ ఫ్యాన్ కింద కూర్చుని రాస్తున్నాను.

మాథ్యూ రాలేదని మనసు పీకుతోంది. మా తల్లీకూతుళ్లవి బ్రిటిష్ పాస్‌పోర్టులు, మా ఆయనది ఇంకా ఇండియన్‌దే. తన వీసాకు అపాయింట్‌మెంట్ దొరికేసరికి సెలవులే అయిపోతాయి. "మీరు పోయిరండి, నేను బస్సు నడుపుకుంటా" అన్నాడు. పదకొండేళ్లలో ఇండియాకు కాకుండా వేరేచోటికి సెలవులకు రావడం నాకిదే మొదటిసారి. చేతికి నీలం పట్టీ కట్టారు. అది ఉంటే రోజంతా ఏం కావాలంటే అది తినొచ్చు. నేను తింటున్నాను. ఏంజీ కెలుకుతోంది.

దాని సంగతే నాకు అంతుపట్టడం లేదు. పదిహేనేళ్ల పిల్ల ఫోన్ చూడటం వింత కాదు. కానీ ఎప్పుడూ బోర్లా పెడుతుంది. నేను పక్కకొస్తే ఆర్పేస్తుంది. నీ దగ్గర ఉండి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. మీ యూత్ మీటింగుకని రెండు రోజులు పంపాను కదా, అక్కడ ఎవరైనా అబ్బాయి పరిచయమయ్యాడా? నీకు తెలిస్తే నా దగ్గర దాచకు.

శుక్రవారం పడవలో పత్మాసు దీవికి వెళ్తాం. యోహాను బైబిల్‌లోని ప్రకటన గ్రంథం రాసిన గుహ చూడాలని సండే స్కూల్ నాటి నుంచి నా కోరిక. అవునూ, ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేసినప్పుడు నీ గొంతు నీరసంగా ఉంది. ఏమైంది?

నీ ఎస్తేరు


లీసెస్టర్
28 జూలై, సోమవారం

ఎస్తేరూ,

ఫోన్ పోతే పోయింది, నువ్వు పడలేదు, అది చాలు. ఇక ఆ రేవు చివరకు పోకు.

నాకేమీ కాలేదు. వాడుకోని లీవు మిగిలిపోతోందని రెండు వారాలు పెట్టాను. ఇరవై రెండేళ్లుగా ఆ వృద్ధుల కేర్ హోమ్‌లో అందరి సెలవులూ డ్యూటీల రోటాలో రాసినదాన్ని, ఒకసారి నా పేరూ రాసుకున్నాను. పొద్దున లేచేసరికి ఏ పనీ లేకపోతే గొంతు నీరసంగానే ఉంటుంది మరి. మీ బావ ఇంట్లో నన్ను కాలు కింద పెట్టనివ్వడం లేదు. ఆయన చేసే పప్పుచారు తాగితే నీకు నా కష్టం తెలుస్తుంది.

ఏంజీ గురించి నువ్వు అనుకునేది ఏదీ లేదు. ఆ యూత్ మీటింగులో అబ్బాయిలందరికీ కలిపి దానికున్నంత బుద్ధి లేదు. ఆ వయసులో పిల్లలకు మనసులో ఏదో ఒక బరువు ఉంటుంది. అడగకు, అదే చెబుతుంది. దాని ఫోన్ జోలికి మాత్రం వెళ్లకు.

నీళ్లు బాగా తాగండి. గొడుగు పట్టుకుపో. ఇంగ్లీషువాళ్లు చూస్తారని సిగ్గుపడకు, వాళ్లు ఎండలో ఎర్రగా ఉడికిపోతుంటారు, మన గొడుగు సంగతి వాళ్లకెందుకు.

అక్క


కోస్
30 జూలై, బుధవారం, పొద్దున

అక్కా,

గబగబా రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువు.

నిన్న రాత్రి భోజనాల దగ్గర ఏంజీ గబగబా ఏదో మెసేజ్ పెట్టి, ఫోన్ టేబుల్ మీదే వదిలి ఐస్‌క్రీమ్‌కు లేచింది. అంతలో ఫోన్ వెలిగింది. పంపినవాళ్ల పేరు లేదు, పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ ఉంది. ఇంగ్లీషులో ఇంతే రాసి ఉంది: రేపు నీ వంతు, ధైర్యంగా ఉండు, అమ్మకు చెప్పకు.

దేని వంతు అక్కా? అమ్మకు చెప్పకూడని వంతు ఏముంటుంది? ఫోన్లలో పిల్లలకు పందేలు పెట్టి ప్రాణం మీదకు తెస్తున్నారని దాని స్కూలువాళ్లు మాకు కాగితం కూడా పంపారు. చెయ్యి కోసుకోమంటారట, ఎత్తు నుంచి దూకమంటారట. నాకు అదే గుర్తొచ్చింది.

అడిగాను. "ఇట్స్ నథింగ్, మమ్" అంది. ఎవరే ఈ పువ్వు అన్నాను. ఫోన్ కోసం చెయ్యి చాచింది. అందరి ముందూ ఫోన్ లాక్కుని రూములో ఉన్న లాకరులో పెట్టి తాళం వేశాను. అంత ఏడుపు అది చిన్నప్పుడు కూడా ఏడవలేదు. ఈ పొద్దున టిఫినుకు వచ్చి కూర్చుంది, మంచినీళ్లు కూడా ముట్టలేదు. అలక అనుకుంటున్నాను. అలకే కదా? బాల్కనీ తలుపు తాళం వేసి, తాళం చెవి నా దగ్గర పెట్టుకున్నాను. మేం ఉండేది నాలుగో అంతస్తు.

నువ్వు దానితో రెండు రోజులున్నావు. ఏమైనా గమనించావా? వెంటనే రాయి.

ఎస్తేరు


లీసెస్టర్
30 జూలై, బుధవారం, మధ్యాహ్నం

ఎస్తేరూ,

ముందు ఊపిరి పీల్చుకో. నువ్వు రాసిన మెసేజ్ నాలుగుసార్లు చదివాను. అందులో చెయ్యి కోసుకోమని గానీ దూకమని గానీ లేదు. ధైర్యంగా ఉండు అనేవాళ్లు చెడ్డవాళ్లు ఎందుకవుతారు? బాల్కనీ తలుపు తీసి పిల్లకు గాలి తగలనివ్వు.

నా మాట విని ఫోన్ ఇచ్చెయ్. ఇవాళ సాయంత్రం లోపల ఇచ్చెయ్. తిండి దగ్గర ఈ పూట బలవంతం చేయకు, సాయంత్రం అయ్యాక తింటుంది. నీళ్లు మాత్రం తాగించు, నేను చెప్పానని చెప్పు.

ఇంతకంటే ఇప్పుడు రాయలేను. వచ్చే మంగళవారం దాకా నన్ను ఏమీ అడగకు. అన్నీ సర్దుకుంటాయి.

అక్క


కోస్
31 జూలై, గురువారం

సలోమి అక్కకు,

సాయంత్రం తింటుందని రాశావు. తినలేదు. రాత్రీ తినలేదు, ఈ పొద్దునా తినలేదు. పళ్లు తోముకుంటూ రెండు గుక్కలు నీళ్లు మింగింది, అంతే. ఈత కొలను దగ్గర నీడలో ముడుచుకుని పడుకుంది. పెదవులు పగిలాయి. "సలోమి పెద్దమ్మ నీళ్లు తాగమంది" అని చెబితే ఒక్కసారి తలెత్తి నా మొహంలోకి చూసి, "ఏమైనా వచ్చిందా? ఎవరైనా మెసేజ్ పెట్టారా? ఒక్క నిమిషం ఫోన్ చూస్తా, ప్లీజ్" అని బతిమాలింది. ఇంకా దాని కోసమే ఎదురుచూస్తోంది! లండన్‌లో దిగేదాకా ఫోన్ లేదని తేల్చి చెప్పాను.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతాను. సాయంత్రం తింటుందని నీకెలా తెలుసు? మంగళవారం ఏముంది? మీ ఇద్దరి మధ్య ఏదో ఉంది. దాని తల్లిని నేనా, నువ్వా? అది ఏం అడిగినా నువ్వు కాదనవు. వచ్చినప్పుడల్లా గారాబం చేసి పంపిస్తావు, తర్వాత పడేది నేను. నీకూ ఒక పిల్ల ఉంటే తెలిసేది, తిననని మొహం తిప్పుకుంటే తల్లికి ఎలా ఉంటుందో.

రేపు తెల్లారకముందే పడవ. పత్మాసు తీసుకెళ్తున్నాను. ఆ గుహలో నా పక్కన మోకాళ్లూనితే దేవుడే దాని నోరు తెరిపిస్తాడు. నువ్వు తెరిపించేలా లేవు.

ఎస్తేరు


లీసెస్టర్
1 ఆగస్టు, శుక్రవారం, ఉదయం ఏడు

ఎస్తేరూ,

మిగతా ఉత్తరం తర్వాత చదువు. ముందు ఏంజీకి నీళ్లు తాగించు. ఉప్పు, పంచదార కలిపి కొంచెం కొంచెంగా ఇవ్వు. "ఆమెన్ వచ్చింది, బుధవారమే వచ్చింది" అని చెప్పు. తాగుతుంది.

ఆ పువ్వు బొమ్మ నేనే.

ఇప్పుడే హోటలుకు ఫోన్ చేశాను. మీరు ఐదింటికే పడవకు వెళ్లిపోయారని చెప్పారు. నిన్న నీ ఉత్తరం చూసి, పిల్లలు లేరన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాటకు ఒక రోజంతా మూతి ముడుచుకుని కూర్చున్నాను, జవాబు రాయలేదు. ఆ ఒక్క రోజు పోగొట్టింది నేనే.

జూన్‌లో నా ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. జీపీ డాక్టరు దగ్గరికి వెళ్తే ఆసుపత్రికి పంపారు. జూలై ఇరవై రెండున ముక్క తీసి పరీక్షకు పంపారు. వచ్చే మంగళవారం ఫలితం చెబుతారు. అమ్మకు మొదలైనదీ అక్కడే కదా. నీకు చెబితే ప్రయాణం మానేసి నా గుమ్మంలో కూర్చుంటావు. పదకొండేళ్ల తర్వాత వెళ్తున్నావు, తిరిగొచ్చాక చెబుదామనుకున్నాను. నా నంబరు నీకు రాయనిది కూడా అందుకే, గొంతు వింటే పట్టేస్తావని.

ఏంజీ ఇక్కడున్నప్పుడు చదువుకోవడానికి నా బైబిల్ తీసింది. ఆసుపత్రి కాగితం అందులోంచి పడింది. అది పెద్దమనిషిలా నా పక్కన కూర్చుని, "నేను అమ్మకు చెప్పను, కానీ నన్ను కూడా ప్రార్థనలో పెట్టు" అంది. మీ బావ మా ప్రార్థన సహవాసంలో గొలుసు ఉపవాసం పెట్టారు, ఒక సహోదరి ఆరోగ్యం కోసమని, పేరు చెప్పకుండా. రోజుకొకరు చొప్పున మంగళవారం దాకా. వేసవి సెలవులకు సగం మంది ఇండియా పోయారు, రోటాలో ఖాళీలు మిగిలాయి. బుధవారం ఖాళీ తనకిమ్మని ఏంజీ వెంటపడింది. ఒక్క రోజే కదా అని ఇచ్చాను.

రోటా రాసింది నేను. అలవాటు కొద్దీ పైన కేర్ హోమ్ రూలు పెట్టాను: డ్యూటీకి వచ్చేవాళ్లు హ్యాండోవర్ తీసుకునేదాకా ఉన్నవాళ్లు వెళ్లకూడదు. అంటే, తర్వాతి మనిషి సాయంత్రం ఫోన్ గ్రూపులో ఆమెన్ అని పెట్టేదాకా ముందు మనిషి ఉపవాసం విడవకూడదు. పెద్దవాళ్లం ఎవరం అయినా ఏడింటిదాకా చూసి, మర్చిపోయి ఉంటారులే అని తినేస్తాం. అది మనలా కాదు. ఇక్కడ పెరిగిన పిల్ల, కాగితం మీద రూలు ఉంటే రూలే. మొన్న మంగళవారం సాయంత్రం తను ఆమెన్ పెట్టి మీ బావను విడిపించింది. బుధవారం సాయంత్రం సత్యమ్మ ఆంటీ సరిగ్గా ఆరింటికి ఆమెన్ పెట్టి దీన్ని విడిపించింది. అప్పటికి ఫోన్ నీ లాకరులో ఉంది.

పిల్లలు నీళ్లు తాగొచ్చని నోటితో చెప్పానే గానీ రోటాలో రాయలేదు. రాయనిది జరగనట్టే లెక్క అని ఇరవై రెండేళ్లుగా అందరికీ పాఠం చెప్పేదాన్ని నేను.

కింద నా నంబరు రాశాను. ఎవరి ఫోన్ అడిగైనా సరే చెయ్యి.

అక్క


లీసెస్టర్
1 ఆగస్టు, మధ్యాహ్నం రెండు

ఎస్తేరూ,

హోటలుకు ఆరుసార్లు చేశాను. ఆ అమ్మాయి పాపం పడవ వాళ్ల నంబరు ఇచ్చింది, ఎవరూ ఎత్తడం లేదు. పత్మాసులో ముప్పై తొమ్మిది డిగ్రీలని చూపిస్తోంది. గుహకు మెట్లు ఎక్కాలట. ఎక్కించకే. దాన్ని నీడలో కూర్చోబెట్టు. గుహ ఎక్కడికీ పోదు.

మాథ్యూకు ఇంకా చెప్పలేదు, బస్సు నడుపుతుంటాడు. డ్యూటీ దిగగానే చెబుతాను. మీ బావ మోకాళ్ల మీద ఉన్నారు. నాకు ప్రార్థన రావడం లేదు. ఇన్‌బాక్స్ చూస్తూ కూర్చున్నాను.

అక్క


పత్మాసు
2 ఆగస్టు, శనివారం

అక్కా,

బతికే ఉంది. ముందు అది రాయాలి.

గుహకు సగం దూరంలో మెట్ల మీద పడిపోయింది. ముందు నడుస్తూ "త్వరగా రావే, అందరూ వెళ్లిపోతున్నారు" అని వెనక్కి తిరిగేసరికి మెట్టు మీద పక్కకు ఒరిగి ఉంది. ఒళ్లు నిప్పులా కాలుతోంది, చెమట చుక్క లేదు. నేను ఆసుపత్రి వార్డులో ఏం పని చేస్తానో నీకు తెలుసు కదా. ఏ పేషెంటు ఎన్ని నీళ్లు తాగాడో, ఎంత పోశాడో గంటగంటకు రాసేదాన్ని. మూడు రోజులు నా కళ్ల ముందు నా బిడ్డ ఎండిపోతుంటే అలక అని పేరు పెట్టాను.

మెట్ల దగ్గర కొవ్వొత్తులు అమ్మే ముసలాయన తన నీళ్లన్నీ దాని తల మీద పోసి, వ్యాన్‌లో క్లినిక్‌కు చేర్చాడు. డాక్టరమ్మ రెండు సీసాల సెలైన్ ఎక్కించింది. ఎన్నాళ్లుగా తినలేదని అడిగితే మూడు వేళ్లు చూపించాను. మా పడవ నాలుగింటికి వెళ్లిపోయింది. మమ్మల్ని ఇక్కడే ఉంచుకున్నారు, నాకూ పక్క మంచం ఇచ్చారు. మాథ్యూతో క్లినిక్ ఫోన్‌లో మాట్లాడాను. ట్యాబ్లెట్‌కు ఇక్కడి వైఫై పెట్టుకోగానే నీ ఉత్తరాలు రెండూ వచ్చి పడ్డాయి.

చదివి గోడవైపు తిరిగి ఏడ్చాను. నీ గడ్డ కోసం ఏడ్చానో, దీని కోసం ఏడ్చానో నాకే తెలియదు. తర్వాత కోపం వచ్చింది. చెప్పేస్తాను, లేకపోతే ఇది కూడా లోపలే ఉండిపోతుంది. అమ్మప్పుడు కూడా నువ్వు ఇదే చేశావు. నా ఫైనల్ పరీక్షలు అయ్యేదాకా అమ్మకు జ్వరమని రాశావు. నేను హాల్ టికెట్టు చేతిలో పట్టుకుని ఇంటికొచ్చేసరికి అమ్మ నన్ను గుర్తుపట్టలేదు. నేను ఫస్ట్ క్లాసులో పాసయ్యాను అక్కా. ఆ ఫస్ట్ క్లాసు నాకెందుకు? ఇప్పుడు నా సెలవులు చెడకూడదని మళ్లీ అదే. ఈసారి నా పిల్లతో కూడా దాపించావు. అది నీ రహస్యం మోస్తూ, నీ రూలు మోస్తూ మెట్లెక్కింది.

పిల్లలు లేరన్న మాట నేను అనకూడనిది. నన్ను క్షమించు. ఏంజీకి పువ్వు నువ్వే అయితే, దానికి నువ్వు ఏమిటో నాకు తెలియక కాదు, కుళ్లుకుని అన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. సెలైన్ మీద నిలబడింది గానీ నోటితో ఏదీ తీసుకోవడం లేదు. ఆమెన్ వచ్చిందని చెప్పాను. "నువ్వు నన్ను తినిపించడానికి అంటున్నావు" అంది. నీ ఉత్తరం చూపించాను, తెలుగు దానికి చదవడం రాదు కదా. నేను చదివి వినిపిస్తే కల్పించి చదువుతున్నానంటుంది. దానికి నా మాట మీద నమ్మకం లేదు, ఫోన్ లాక్కున్నాను మరి. ఆ ఫోన్ కోస్‌లో లాకరులో ఉంది. డాక్టరమ్మ ఫోన్ నుంచి నీకు చేశాను, మూడుసార్లూ ఎంగేజ్. నువ్వు హోటలుకే చేస్తూ ఉండుంటావు.

నువ్వే రాయి, దానికి తెలిసేలా రాయి.

ఎస్తేరు


లీసెస్టర్
2 ఆగస్టు, శనివారం

ఎస్తేరూ,

నీ ఉత్తరం వంటింట్లో నేల మీద కూర్చుని చదివాను. అమ్మ విషయంలో నువ్వన్నది నిజం. ఇరవై మూడేళ్లుగా నువ్వు ఆ మాట అనలేదు, అందుకని నేను చేసింది మంచే అనుకుంటూ వచ్చాను. నేను దాచింది నీ చదువు కోసం అని చెప్పుకున్నాను గానీ, నీ మొహం చూసి ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. ఇప్పుడూ అంతే.

గ్రూపులో సత్యమ్మ ఆంటీ పెట్టిన ఆమెన్, బుధవారం తేదీతో, ఆరు గంటల సమయంతో ఫొటో తీసి దీంతో పంపాను. దాని కింద ఇంగ్లీషులో నా చేత్తో రాసి అది కూడా ఫొటో తీశాను. ఏంజీకి నా అక్షరం తెలుసు. ఏం రాశానో నీకూ చెబుతాను, ఇక నీకు తెలియకుండా దానికి ఏదీ చెప్పను. "ఏంజీ, నీ డ్యూటీ అయిపోయింది. రూలు తప్పుగా రాసింది పెద్దమ్మ. హ్యాండోవర్ నేను తీసుకున్నాను. ఇక వెళ్లి తిను. నీ సలోమి పెద్దమ్మ." పక్కన పొద్దుతిరుగుడు పువ్వు కూడా వేశాను, నాకు బొమ్మలు రావని నీకు తెలుసు, క్యాబేజీలా వచ్చింది.

ఫోన్ కింద పెట్టేశాను. ఇక నువ్వు చెయ్యి.

అక్క


కోస్
3 ఆగస్టు, ఆదివారం

అక్కా,

నిన్న నీ గొంతు వినగానే ఇద్దరం ఏడుస్తూనే ఉన్నాం, ఒక్క మాటా సరిగ్గా కాలేదు. అందుకే మళ్లీ రాస్తున్నాను.

ఆ ఫొటోను పెద్దది చేసి తేదీ చూసింది, సమయం చూసింది, క్యాబేజీని చూసి నవ్వింది. తర్వాత పెరుగులో తేనె వేసి ఇస్తే గిన్నె ఖాళీ చేసి ఇంకో గిన్నె అడిగింది. డాక్టరమ్మ కొంచెం కొంచెంగా ఇమ్మంది గానీ ఎవరు వింటారు! ఈ పొద్దున పెద్ద పడవలో కోస్ చేరాం. గుహ చూడలేదు. చూడాలని కూడా లేదు.

పడవలో నా ఒళ్లో తల పెట్టుకుని అడిగింది. "బుధవారం నేను మనసులో చిప్స్ గురించి అనుకున్నాను మమ్. మంగళవారం పెద్దమ్మకు బ్యాడ్ న్యూస్ వస్తే అది నా వల్లేనా?" నేను కాదన్నాను. నా మాట ఎంత నమ్మిందో తెలియదు. అక్కా, మంగళవారం ఏది వచ్చినా సరే, అదే రోజు, అదే గంటలో మా ఇద్దరికీ చెప్పు. మంచి మాట అయితే వెంటనే, చెడ్డదైతే తర్వాత అనకు.

ఎస్తేరు


లీసెస్టర్
5 ఆగస్టు, మంగళవారం, పదకొండున్నర

ఎస్తేరూ, ఏంజీ,

ఆసుపత్రి కార్ పార్క్‌లో కూర్చుని రాస్తున్నాను. మీ బావ టికెట్ మిషన్ దగ్గర నిలబడ్డారు, ఏ బటన్ నొక్కాలో తెలియనట్టు. ఫోన్‌లో చెబితే మధ్యలో ఆగిపోతానని రాస్తున్నాను, రాయగానే చేస్తాను.

క్యాన్సరే. చిన్నది, తొందరగా దొరికింది అన్నారు. సెప్టెంబరు మొదట్లో ఆపరేషన్, తర్వాత మూడు వారాలు రోజూ రేడియోథెరపీ. అమ్మ నాటి రోజులు కావివి అని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. నాకు భయంగా ఉంది. ఈ మాట ఇంతవరకు మీ బావతో కూడా అనలేదు.

ఏంజీకి ఇది నువ్వు చదివి వినిపించు, ఈసారి నమ్ముతుంది. ఆ గడ్డ జూన్ నుంచే ఉందని చెప్పు. అది చిప్స్ గురించి అనుకునేనాటికే పరీక్ష కాగితం మీద జవాబు ఉంది. దేవుడు పిల్లల కడుపు మాడ్చి పెద్దవాళ్ల రోగాలు లెక్కగట్టేవాడు కాదు. అట్లాంటి దేవుణ్ణి దానికి చూపించింది నా రోటా. అది నా తప్పు, దానిది కాదు.

అక్క


ఈస్ట్ హామ్
10 ఆగస్టు, ఆదివారం

అక్కా,

వందనాలు. మంగళవారం నీ ఉత్తరం ఏంజీ నా చేత రెండుసార్లు చదివించుకుంది. "అయితే పెద్దమ్మ నిజం చెప్పింది, వెంటనే చెప్పింది" అంది చివరికి. ఆ రాత్రి నా పక్కనే పడుకుంది. నాకు ఇంకా మూడు పూటలా దాని పళ్లెం వైపే చూపు పోతోంది. నీళ్లు తాగిందా అని గంటకోసారి అడుగుతున్నాను. "మమ్, ఐయామ్ నాట్ యువర్ పేషెంట్" అంటోంది. అయినా తాగుతోంది.

నిన్నంతా గదిలో తలుపేసుకుని కూర్చుంది. తలుపు కొట్టాను, దానంతటదే తీసింది. నేల మీద పెద్ద చార్టు కాగితం, రంగు పెన్సిళ్లు. రోటా గీస్తోంది. సెప్టెంబరు నుంచి నీ ఆపరేషన్, రేడియోథెరపీ అయ్యేదాకా, ఏ రోజు ఎవరు నీ దగ్గర ఉండాలో. సత్యమ్మ ఆంటీకి బుధవారాలు, బావకు ఆదివారాలు, మాథ్యూకు సెలవు దొరికిన సోమవారాలు, నాకూ దానికీ శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం దాకా. ఎవరినీ అడగకుండానే వేసింది, నీ పోలికే. మాథ్యూ తన పేరు చూసుకుని, "నాకు ఈ దేశంలో వీసా అడగని డ్యూటీ ఇదొక్కటే" అన్నాడు.

పైన రూల్సు కూడా రాసింది. డ్యూటీలో ఉన్నవాళ్లు పెద్దమ్మతో కూర్చుని కలిసి తినాలట, ఖాళీ కడుపుతో ఎవరూ రాకూడదట. ఎవరికీ చెప్పకు అనే మాట పెద్దమ్మ అనకూడదు, ఎవరూ ఒప్పుకోకూడదు. నువ్వు రాసిన రూలు మాత్రం తీసేస్తుందేమో అనుకున్నాను. తీయలేదు. ఉన్నది ఉన్నట్టు దించింది: వచ్చేవాళ్లు గుమ్మంలోకి వచ్చి ఆమెన్ అనేదాకా ఉన్నవాళ్లు నిన్ను విడిచి వెళ్లకూడదు. "ఇది మంచి రూలే మమ్, పెద్దమ్మ దాన్ని తప్పు చోట పెట్టింది" అంది.

సెప్టెంబరు దాకా ఆగలేం. ఈ శుక్రవారం సాయంత్రం కోచ్ బస్సులో ఇద్దరం వస్తున్నాం. బావను పప్పుచారు పెట్టవద్దను, నేను చేపల పులుసు తెస్తున్నాను. మొదటి వంతు నాది. అందుకని గుమ్మం దాకా ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను, బావ కాసేపు కాళ్లు చాపుకోవచ్చు.

ఆమెన్.

ఎస్తేరు